ముల్లు లేచేదాకా

ట్రిప్పు 3,811. మాఘ బహుళ విదియ.

పొద్దు పొడవగానే పైగట్టు నుంచి నీళ్ల లారీలో బయలుదేరాం. స్టార్టు చేశాక కొండకు వినబడేలా ఇంజనుతో మూడు గుర్రులు. ఆయిలు ముల్లు లేవడానికి పదకొండు లెక్కలు. కిందికి ఖాళీ తొట్టి, పైకి తొమ్మిది వేల లీటర్లు. ఇంజనుకు కానుగ నూనె ఇరవై ఆరు లీటర్లు పట్టింది. ఏడు పల్లెలకూ నీళ్లు అందాయి. అట్లపాడులో ఒక కడవ పగిలింది. తగాదా లేదు.

కొత్త సంగతి ఒకటి. బరువుతో నాలుగో మలుపు ఎక్కుతున్నప్పుడు ఇంజను అడుగు నుంచి ఒక చప్పుడు వచ్చింది. సుత్తికి గుడ్డ చుట్టి లోపలి నుంచి ఎవరో కొడుతున్నట్టు. మలుపు దాటి రోడ్డు చదునయ్యాక పోయింది. విన్నావా అని డ్రైవరు పెంచలయ్యను అడిగాను. వినలేదన్నాడు. రోజూ ఐదో మలుపు దగ్గర పాట ఎత్తుకుంటాడు. ఇవాళ ఎత్తుకోలేదు. అంటే విన్నాడు.

ట్రిప్పు 3,812. తదియ.

మూడు గుర్రులు. ముల్లు పదకొండు లెక్కలు. నీళ్లు తొమ్మిది వేలు.

చప్పుడు ఇవాళ మూడో మలుపు నుంచే మొదలైంది.

కొండ మొదట్లో మంచినీళ్లు వచ్చే తీపి గొట్టం దగ్గర మూత బండ్లు నాలుగు నిలబడి ఉన్నాయి. మైదానంలో వాటంతట అవే తిరిగే బండ్లు అవి. దారి చెప్పే సంకేతం కొండ మొదలు దాకానే ఉంది కాబట్టి అక్కడే ఆగిపోతాయి. వాటిలో ఒకటి తన చక్రం బాగాలేదని తనే చెప్పింది. ఇంకోటి వచ్చి దాన్ని లాక్కుపోయింది. మనిషి చెయ్యి పడలేదు. పక్కన నిలబడ్డ మైదానం ఆయన మా లారీ చప్పుడు విని, ఇది ఏమంటోంది అని అడిగాడు. తెలియదన్నాం. దానికి చెప్పడం రాదా అన్నాడు.

“చెప్తానే వుండాదయ్యా. మాకే వినడం రాదు” అన్నాడు పెంచలయ్య.

నిజమే. ఈ లారీ మా ఇద్దరికన్నా పెద్దది. పదిహేడేళ్ల కిందట గొట్టం కొండ మొదలు దాకా వచ్చి ఆగిపోయినప్పుడు, షెడ్డులో తుప్పు పట్టి ఉన్న దీన్ని లేపారు. అప్పుడు దాన్ని లేపిన ముసలి మేస్త్రీ రెండేళ్లకే పోయాడు. నడపడం పెంచలయ్య అతని దగ్గర నేర్చుకున్నాడు. ఎవరో ఒకరు లెక్క రాయాలంటే నేను ఒప్పుకున్నాను. మాట్లాడే పని కాదు గనక.

ట్రిప్పు 3,813. చవితి.

మూడు గుర్రులు. ముల్లు పన్నెండు లెక్కలు. నీళ్లు తొమ్మిది వేలు నింపాం. పైకి చేరినవి అన్నీ.

చేర్చింది పెంచలయ్యే అని రాసి పెడుతున్నాను. రెండో మలుపు నుంచి ఇంజను ఒకటే కొట్టుడు. అతను గేరు తగ్గించి, కాలు ఎంత తేలిగ్గా పెట్టాలో అంత తేలిగ్గా పెట్టి, ఇరవై రెండు కిలోమీటర్లూ నాలుగున్నర గంటల్లో ఎక్కించాడు. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆపితే మళ్లీ బరువుతో లేవదేమోనని భయం. పల్లెల్లో జనం లారీతో పాటు నడుస్తూ గొట్టాలు పట్టుకుని నీళ్లు దింపుకున్నారు.

పైగట్టు చేరి ఇంజను ఊరికే తిరుగుతుండగా ముల్లు సున్నా దగ్గరికి వాలిపోయింది. పెంచలయ్య వెంటనే ఆపేశాడు. కిందికి దిగి బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను ముల్లు ఎక్కడుందో రాసుకున్నాను.

ట్రిప్పు 3,814. పంచమి. నడవలేదు.

ఏడు పల్లెల సిమెంటు తొట్లూ కర్రతో కొలిచి వచ్చాను. మొత్తం నలభై ఒక్క వేల లీటర్లు. మనుషులు ఆరువందల పన్నెండు. తలకు రోజుకు ఎనిమిది లీటర్ల చొప్పున ఇస్తే ఎనిమిది రోజులు. ఇవాళ ఒకటో రోజు. ద్వాదశి ఆఖరిది.

తొలిమలుపులో ఉన్న మాట స్తంభంలో ప్రెసిడెంటు వెంగమ్మ మైదానం ఆఫీసుతో మాట్లాడింది. నీళ్లు అందని ఆవాసం ఖాళీ చేయించాల్సిందేనని జవాబు. త్రయోదశి మధ్యాహ్నానికి కొండ మొదట్లో బస్సులు నిలబడతాయట, ఉప్పు నేలల అవతల షెడ్లలో మంచాలు సిద్ధంగా ఉన్నాయట. లారీ బాగు చేసే మనిషిని పంపగలరా అని వెంగమ్మ అడిగితే, బాగు చేయడం అనే పని తమ జాబితాలో లేదని ఎంతో మర్యాదగా చెప్పిందట ఆ గొంతు.

ఊళ్లో మాట ఒకటే. పెంచలయ్య కాలు బరువైంది, ఇంజను వాడి కాలికే అరిగింది అని. అతని ఎదుట ఎవరూ అనలేదు. కానీ అతను ఇవాళ షెడ్డులోంచి బయటికి రాలేదు.

మధ్యాహ్నం ఈతచెలమ నుంచి పిండిమర కాశింబి వచ్చింది. అరవై దాటిన మనిషి. పదకొండు కిలోమీటర్లు నడిచి వచ్చి, నీళ్లు అడగకుండా ఇంజను ఎక్కడని అడిగింది. మా నాయన పొదిలిలో మోటారు బేరింగులు పోసేవాడు, నేను తిత్తి ఊదేదాన్ని అంది. ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదు అని వెంగమ్మ అడిగింది.

“ఇన్నేళ్లూ మీ లారీ బాగానే వుండె గదా. బాగున్నోళ్ల ఇంటికి వైద్యుడు ఎందుకు పోతాడమ్మా?”

ట్రిప్పు 3,814. షష్ఠి. నడవలేదు. తొట్లలో ముప్పై ఆరు వేల నూట నాలుగు.

ఇవాళ చూసినదంతా రాయాలి. నా జన్మలో ఒక మనిషి ఇంత శ్రద్ధగా వినడం చూడలేదు.

కాశింబి చల్లటి ఇంజనును స్టార్టు చేయించింది. మూడు గుర్రులు ఇవ్వబోతుంటే పెంచలయ్యను చేత్తో ఆపింది, ఊరికే తిరగనివ్వమంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి కళ్లు మూసుకుంది. పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి పద్నాలుగు చోట్ల. చప్పుడు సన్నగా ఉంది. ఇంజను వెచ్చబడేకొద్దీ పెద్దదైంది.

పిస్టను వదులైతే వేడికి చప్పుడు తగ్గుతుందట. ఇది పెరిగింది. వేడికి ఆయిలు పలచనై, అరిగిన చోట ఇనుము ఇనుమును తాకుతోంది. కాబట్టి జబ్బు పైన లేదు, అడుగున ఉంది అంది.

తర్వాత ఆరు సిలిండర్లకు నూనె పోయే సన్నపైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేయించింది. ఒకటి వదులు చేస్తే ఆ సిలిండరు పని మానేస్తుంది. ఒకటి, రెండు, మూడు, చప్పుడులో తేడా లేదు. నాలుగోది వదులు చేయగానే పైపై టకటక ఆగిపోయింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆమె మాత్రం చెయ్యి ఎత్తింది. ఆ టకటక ఆగాక దాని వెనక ఇంకో చప్పుడు మిగిలింది. మొద్దుగా, లోతుగా. అంతవరకూ అది ఉందని మాకెవరికీ తెలియలేదు.

ఆమె పెంచలయ్యను సీట్లో కూర్చోబెట్టి, నీ కాలు ఏం చెప్తంది అని అడిగింది. రెండు రోజుల తర్వాత అతను నోరు విప్పాడు. క్లచ్చి మీద కాలు పెడితే లోపల మొద్దు బరువుగా కొడుతోందని, వారం నుంచి అలాగే ఉందని, తన కాలిదే తప్పనుకుని చెప్పలేదని అన్నాడు.

“నీ కాలు తప్పు చెయ్యలా. నీ కాలు నా చెవి కంటే ముందు వినింది” అంది కాశింబి. ఊరు మొత్తం అక్కడే ఉంది. 

నొప్పులు రెండు. నాలుగో కనెక్టింగ్ రాడ్ బేరింగు ఒకటి, దాని పక్కన క్రాంకును, అంటే ఇంజను అడుగున తిరిగే ఇరుసును, మోసే మెయిన్ బేరింగు ఇంకోటి.

ఆయిలు ఫిల్టరు కోసి కాగితం తెల్లటి గుడ్డ మీద పరిచింది. ఎండలో తళుకులు కనిపించాయి. వెండి రంగువైతే బేరింగు పైపూత లేస్తోందని అర్థం. రాగి రంగువైతే పూత అయిపోయి అడుగు బయటపడిందని అర్థం. మాది రాగి రంగు.

చీకటి పడకముందే ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరు దింపాం. నాలుగో రాడ్ మూత విప్పితే బేరింగు నా అరచేతిలో పడింది. సగం చందమామ ఆకారంలో ఇనుప రేకు. మధ్యలో పూత లేదు. ఇంత చిన్నదా మా ఆరువందల పన్నెండు మందిని మోసింది అనుకున్నాను.

ట్రిప్పు 3,814. సప్తమి. నడవలేదు. తొట్లలో ముప్పై ఒక్క వేల రెండు వందలు.

ఇది రాయడం కష్టం. అయినా రాస్తాను.

పొద్దున కాశింబి నా పుస్తకాలు అడిగింది. పదిహేడు పుస్తకాలు, ఏడాదికి ఒకటి; వానల నెలల్లో లారీ నడవదు. బట్ట విప్పి ముందు పెట్టాను. కొంచెం గర్వపడ్డానని ఒప్పుకోవాలి. వాటిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. వేలు పెట్టి నిలువుగా చదువుకుంటూ పోయింది. ఇదేంది అంటే చెప్పాను: ఇంజనాయిలు ఒత్తిడి చూపే ముల్లు సున్నా నుంచి లేచేదాకా నేను ఒకటీ రెండూ అని లెక్కపెడతాను, ఆ లెక్క ఇది. ఎవరు రాయమన్నారు అంది. ఎవరూ రాయమనలేదు. రోజూ జరుగుతుంది గనక రాశాను. మొదటి ఏట మూడు లెక్కలు. ఆరో ఏట నాలుగు. తొమ్మిదో ఏట మైదానం నుంచి ఆయిలు రావడం ఆగిపోయి మేం ఆముదం కలపడం మొదలుపెట్టాక ఏడు. ఇప్పుడు పన్నెండు.

“బంగారంలాంటి లెక్క” అంది ఆమె. నాకేం చేయాలో తోచక పెన్సిలు చెక్కాను.

ఆ తర్వాత వేలు పక్కనున్న నిలువు వరుస మీదికి జరిగింది. ఒక పుస్తకం, ఇంకో పుస్తకం తిరగేసింది.

“అన్ని అంకెలూ మారినయ్యి. ఈ మూడు మాత్రం పదిహేడేళ్లూ మూడే వుండాది. ఇదేంది మాలకొండయ్యా?”

గుర్రులు అని చెప్పాను. స్టార్టు కాగానే పెంచలయ్య మూడుసార్లు గట్టిగా తొక్కుతాడు. ఆ చప్పుడు కొండంతా వినిపిస్తుంది. ఏడు పల్లెలూ లేచి, మూడు గంటల్లో నీళ్లు వస్తాయని కడవలు సర్దుకుంటాయి.

“ముల్లు లేవకముందా, లేచినాకనా?”

జవాబు చెప్పనవసరం లేదు. నేను ఏది ముందు జరిగితే అది ముందు రాస్తాను. మొదటి వరుస స్టార్టు. రెండో వరుస మూడు. మూడో వరుస ముల్లు.

రాత్రంతా ఆయిలు అడుగుకు దిగిపోయి ఉంటుంది. మాఘ చలికి ఆముదం చిక్కబడి ఉంటుంది. ముల్లు లేచేదాకా బేరింగుల దగ్గర తడి లేదు. సరిగ్గా ఆ పన్నెండు లెక్కల్లోనే మేం ఇంజనును ఉన్న బలమంతా పెట్టి మూడుసార్లు అరిపించాం. మూడు వేల ఎనిమిది వందల సార్లు. పక్కపక్క వరుసల్లో నా చేత్తోనే రాసుకుంటూ.

 ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

సాయంత్రం షెడ్డు ముందు ఏడు పల్లెల పెద్దలు కూర్చున్నారు. లారీ లేచినా లేవకపోయినా స్టీరింగు ఇంకొకరికి ఇవ్వాలని అట్లపాడు వాళ్లు అన్నారు. కాశింబి చెప్పినా వాళ్లకు నమ్మకం కుదరలేదు. పెంచలయ్య తాళంచెవి తీసి వెంగమ్మ ముందు బల్ల మీద పెట్టాడు.

నేను లేచాను. నేను సభలో లేచిన గుర్తు ఎవరికీ లేదు, నాకూ లేదు. మాట్లాడటం చేతకాక మొదటి పుస్తకం తెరిచి ఆరో ట్రిప్పు చదివాను.

“ట్రిప్పు ఆరు. ప్రతి పల్లెలో జనం వచ్చేదాకా అరగంట ఆగాల్సి వస్తోంది. నన్ను కేక వెయ్యమంటున్నారు. నాకు కేక వెయ్యడం సిగ్గు. రేపటి నుంచి స్టార్టు కాగానే మూడుసార్లు గట్టిగా తొక్కమని పెంచలయ్యకు చెప్పాను. వద్దేమో అన్నాడు. పరవాలేదన్నాను.”

చదివి కూర్చున్నాను. గుర్రులు ముల్లుకు ముందు ఇచ్చేవాళ్లమని, ఇంజను దానివల్లే అరిగిందని కాశింబి మిగతాది చెప్పింది.

వెంగమ్మ అంది: “ఆ గుర్రు వినకపోతే మాకు తెల్లారేదే కాదు. పండగనాడు ఇంకో రెండు కొట్టమని నేనే అడిగినా. ఇది నీ ఒక్కడిదే ఎట్టవుద్దయ్యా?”

“ఎవరిదో తర్వాత పంచుకోండి. నాకు తగరం కావాల” అంది కాశింబి.

వెంగమ్మ తాళంచెవి తీసి పెంచలయ్య జేబులో వేసింది.

ట్రిప్పు 3,814. అష్టమి. నడవలేదు. తొట్లలో ఇరవై ఆరు వేల మూడు వందలు.

కొత్త బేరింగులు ఎక్కడా దొరకవు. పాత రేకుల మీద తెల్లలోహం పోసి కొత్త పూత పెడతానంది కాశింబి. దాంట్లో ఎక్కువ పాలు తగరం. వాళ్ల నాయన వదిలిన ముద్ద ఒకటి ఉంది, నిమ్మకాయంత. అది గట్టిదనానికి సరిపోతుంది, కొలతకు చాలదు.

తగరం ఎక్కడుందో ఆమెకు తెలుసు. పనికిరాని సౌరపెట్టెల్లో, చచ్చిపోయిన అరచేతి పలకల్లో, లోపలి తీగలను అతికించిన చుక్కల్లో.

షెడ్డు వెనక బండ ఎక్కి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, రేగుమాను వైపు తిరిగి ఒక్క కేక వేసింది. “పలకలు తేండహో!” రేగుమానులో ఎవరో ఆడమనిషి అందుకుంది. అక్కడి నుంచి చింతగుంట. అక్కడి నుంచి ఇంకా కిందికి, మాటలు తెలియనంత దూరం పోయింది. నేను లెక్కపెట్టాను. తొలిమలుపు చేరి, చేరిందన్న కూత తిరిగి పైకి వచ్చేసరికి రెండు వందల పది లెక్కలు.

మధ్యాహ్నానికి నాలుగు వందల పలకలు, ముప్పై ఒక్క పెట్టెలు. బోడిమిట్ట ముసలాయన ఒకడు తన పలకను చాలాసేపు వదల్లేదు. పోయిన భార్య గొంతు అందులో ఉందట. పదకొండేళ్లుగా అది వెలగలేదు. కాశింబి అడగలేదు, చెయ్యి కూడా చాపలేదు. ఆయనే కుప్ప మీద పెట్టి, దీనివల్ల ఒక చుక్కైనా వస్తుందా అన్నాడు. వస్తుందంది.

కొలిమి మీద వేడి చేసి తడితే చుక్కలు రాలాయి. సాయంత్రానికి ఒక దోసెడు.

ఈలోగా మూడు చింతదుంగలు నిలబెట్టి గొలుసుతో ఇంజను పైకి తీశాం. క్రాంకు బయటికి వచ్చింది. దాన్ని తాడుతో వేలాడదీసి కాశింబి చిన్న సుత్తితో తట్టింది. పగులుంటే చచ్చు చప్పుడు వస్తుంది. మా క్రాంకు గంటలా మోగి, ఆరు లెక్కల దాకా ఆగలేదు. ఇంత దెబ్బ తిని కూడా. పెంచలయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

ట్రిప్పు 3,814. నవమి. నడవలేదు. తొట్లలో ఇరవై ఒక్క వేల నాలుగు వందలు.

పోత. బేరింగు రేకులు కడిగి, వేడి చేసి, పలచగా తగరం పూసి, అంచులకు బంకమట్టి కట్టింది. కరిగిన లోహం వేడి చూడటానికి ఆమె దగ్గర ఏ పరికరమూ లేదు. చీపురుపుల్ల ముంచి తీస్తుంది. పుల్ల నల్లబడితే ఎక్కువ, రంగు మారకపోతే తక్కువ. బెల్లం రంగు రావాలి. పదిహేను పుల్లలు ముంచింది. పదహారోదానికి పోసింది. ఒకే ధార.

మొదటిది చల్లారాక గోటితో తట్టి విని, అతకలేదని కరిగించేసింది. నాకు ఏ తేడా వినపడలేదు. రెండోది ఉంచింది.

ట్రిప్పు 3,814. దశమి, ఏకాదశి. నడవలేదు. ఏకాదశి సాయంత్రానికి తొట్లలో ఆరువేల ఏడు వందలు.

రెండు రోజులూ గీకుడు. క్రాంకు మీద బేరింగులు కూర్చునే మెడలను ముందు ఉప్పుకాగితంతో, తర్వాత నూనె గుడ్డతో పెంచలయ్య నున్న చేశాడు. దీపం మసిని నూనెలో కలిపి మెడకు పూయడం, బేరింగు అమర్చి ఒక చుట్టు తిప్పడం, విప్పి చూడటం. మసి అంటిన చోటు ఎత్తు. అక్కడ వంకర చాకుతో ఒక పొర గీకడం. మళ్లీ మసి. నాలుగో రాడ్ బేరింగుకు తొంభై ఆరు సార్లు, మెయిన్ బేరింగుకు నూట ముప్పై సార్లు. మొదట్లో మసి ఒకే మచ్చ. చివరికి సజ్జగింజల్లా అంతటా సమంగా పడింది.

ఖాళీ ఎంత ఉందో చూడటానికి తేనెమైనం సన్నదారం చేసి మధ్యలో పెట్టి బిగించి విప్పింది. నలిగిన దారం వెడల్పు ఎంతుండాలో ఆమెకు గోటి మీద గుర్తుంది. రెండుసార్లు చాలదంది. మూడోసారి మాట్లాడకుండా లేచి నడుం విరుచుకుంది.

ఇంత త్వరపడాల్సిన రోజుల్లో ఆమె ఒక్క గీత కూడా త్వరపడి గియ్యలేదు. పదిహేడేళ్లు రోజూ రాసినందుకు నేనూ ఏదో ఒకటి చేశాననుకునేవాణ్ని.

కింద గొట్టం దగ్గర బస్సుల కోసం గీతలు గీశారని తొలిమలుపు నుంచి కబురు. కొందరు మూటలు కట్టుకున్నారు.  వెంగమ్మ మాత్రం తన మూట కట్టలేదు.

ట్రిప్పు 3,814. ద్వాదశి. నడవలేదు. సాయంత్రానికి తొట్లలో పద్దెనిమిది వందలు.

ఇంజను దించాం. బిగించాం. చాంబరు ఎక్కించాం. బట్టలో వడకట్టి ఆముదం కలిపిన ఆయిలు పోశాం.

కాశింబి షరతులు చెప్పింది. ఈ లోహం మెత్తన, పాతదంత బరువు మొయ్యదు. కాబట్టి తొట్టి ముప్పావు వంతే నింపాలి, అవసరమైతే రెండు ట్రిప్పులు. రెండు వందల ట్రిప్పులకు ఒకసారి చాంబరు దింపి చూపించాలి. ముల్లు లేచి, ఇంజను కాస్త వెచ్చబడేదాకా ఎవరి కాలూ పడకూడదు.

అయితే నీళ్లు వస్తున్నాయని ఊళ్లకు ఎలా తెలుస్తుంది అని వెంగమ్మ అడిగింది.

 నేను పుస్తకంలోంచి తల ఎత్తితే అందరూ నా వైపే చూస్తున్నారు.

“ఇన్నేళ్లూ నా కాలే గదన్నా నీ నోరు. ఇంగ కాలికి సెలవియ్యి” అన్నాడు పెంచలయ్య. నవ్వుతూనే అన్నాడు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి.

ట్రిప్పు 3,814. త్రయోదశి.

అడుగున మిగిలినవి రాత్రే పంచేశాం, తొట్లు ఖాళీ. పొద్దు పొడవగానే స్టార్టు. కాశింబి బానెట్టు పక్కన, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని. పెంచలయ్య రెండు కాళ్లూ సీటు మీదికి మడిచి పెట్టుకున్నాడు, అలవాటు మీద పొరపాటున తొక్కుతానేమోనని.

నేను ముందే షెడ్డు వెనక బండ ఎక్కి, స్టార్టు కాగానే లెక్క మొదలుపెట్టాను. ఐదో లెక్క దగ్గర వెనక నుంచి పెంచలయ్య, ముల్లు లేచిందన్నా అన్నాడు. తొమ్మిదో ఏటి తర్వాత ఐదు ఎప్పుడూ లేదు. నోటికి చేతులు అడ్డం పెట్టాను. మొదట గాలే వచ్చింది. కింద ఎవరో దగ్గారు. మళ్లీ ఊపిరి తీసుకున్నాను.

“నీళ్లకు పోతన్నామహో!”

బాగా రాలేదు. మధ్యలో విరిగింది. కానీ రేగుమాను అందుకుంది. ఆ తర్వాత చింతగుంట. నేను మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాను. ఐదో లెక్క దగ్గర వెనక నుంచి పెంచలయ్య, ముల్లు లేచిందన్నా అన్నాడు. తొమ్మిదో ఏటి తర్వాత ఐదు ఎప్పుడూ లేదు. కేక అట్లపాడు కూడా దాటింది. ఈతచెలమ, బోడిమిట్ట, తొలిమలుపు. రెండు వందల పన్నెండో లెక్కకు తొలిమలుపు కూత తిరిగి పైకి వచ్చింది. అప్పటికి బానెట్టు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఇంజను నెమ్మదిగా, ఒకే తీరుగా తిరుగుతోంది. అడుగున చప్పుడు లేదు.

కాశింబి స్క్రూడ్రైవరు దించింది. “ఇదే మంచిది. ఆఖరి పల్లె పలికేదాకా గేరెయ్యొద్దు” అంది.

కింద గొట్టం దగ్గర ఏడు బస్సులు తలుపులు తెరుచుకుని నిలబడ్డాయి. వాటి పక్క నుంచే వెళ్లి ఆరువేల ఏడు వందల యాభై లీటర్లు నింపుకున్నాం. మేం నింపుకునేదాకా అవి అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే తలుపులు మూసుకుని వాటంతట అవే వెళ్లిపోయాయి. నాలుగో మలుపు దగ్గర ఇద్దరం ఊపిరి బిగపట్టాం. ఐదో మలుపు దగ్గర పెంచలయ్య పాట ఎత్తుకున్నాడు.

ఏడు పల్లెలకూ నీళ్లు అందాయి. మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు, 3,815.

ఈ పుస్తకంలో రెండో వరుసకు ఉన్న పేరు కొట్టేసి కొత్త పేరు రాశాను. వరుస చోటు కూడా మార్చాను. ఇవాళ్టి లెక్క ఇలా ఉంది.

స్టార్టు: పొద్దు పొడుపు. ముల్లు: ఐదు. కేక: ఒకటి. వేసింది: నేను.